భీమవరం వస్తున్న మా అమ్ములుకి

అమ్ములూ,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి భీమవరం వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు ఒకటే సంతోషం, లోపల కాస్త భయం కూడా. ఇక్కడి పిల్లలందరూ అటు పోతుంటే నువ్వు ఇటొస్తున్నావు, అదీ పట్టుమని పదిమంది లేని కంపెనీని రొయ్యల రైతుల మధ్య నిలబెట్టడానికి. పన్నెండేళ్లుగా రొయ్యల మేత, అదే ఫీడ్, అమ్ముతూ ఈ చెరువు గట్ల మీదే తిరుగుతున్నా కాబట్టి చెప్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు కాగితం సంగతి. మన దేశంలో వనామీ రకం రొయ్యల సాగుకి 2009లో అనుమతి వచ్చింది, ఆ మరుసటేడే నేనో కొత్త ఫీడ్ కంపెనీ కోసం ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు వెళ్లిపోయా, కంపెనీ పెరిగితే నీకూ వాటా ఉంటుందని ఓనర్ అన్న మాట పట్టుకుని. మూడేళ్లు రాత్రీ పగలూ తిరిగా. తీరా కంపెనీ అమ్మేసినప్పుడు ఆఖరి నెల జీతం చేతిలో పెట్టారు, అంతే, వాటా గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. నీకు షేర్లిస్తామంటే ఎన్ని, ఎప్పటికి నీవవుతాయి, మధ్యలో మానేస్తే ఏంటి, అన్నీ లెటర్‌లో ఉండాలి. మామూలుగా నాలుగేళ్లు పెడతారు, మొదటి ఏడాది నిండకుండా బయటికొస్తే ఒక్కటీ రాదు. అడగడానికి మొహమాటపడకు తల్లీ.

ఇక పని. చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తగ్గితే మీ మెషిన్ రైతు ఫోన్‌కి అలారం కొడుతుందన్నావు, మంచిదే. కానీ డీవో బాగా పడిపోయేది తెల్లారగట్ల, రాత్రంతా నీళ్లలో ఉన్న నాచు కూడా ఆక్సిజన్ లాగేసుకుంటుంది కదా. ఆ టైముకి ఫోన్ మోగేది టౌన్‌లో పడుకున్న రైతు దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ వెయ్యాల్సింది గట్టు మీద షెడ్డులో ఉన్న కాపలా కుర్రోడు. పోయిన వేసవిలో ఒక చెరువు దగ్గర నేనే ఉన్నా, కరెంటు పోయింది, రొయ్యలన్నీ పైకి తేలి అంచులకి వచ్చేస్తున్నాయి, జనరేటర్ అందుకోవట్లేదు, ఆ కుర్రోడు హ్యాండిల్ తిప్పీ తిప్పీ అరచేతులు బొబ్బలెక్కి ఏడ్చేశాడు. మీ అలారం వినబడాల్సింది అతనికి. అందుకే మొదటి నెల ఆఫీసు రూములో కూర్చోకుండా తెల్లవారుజామునే గట్ల మీదకి వెళ్లు, కారూ తోడూ నేను చూస్తా, ఆ కుర్రాళ్లతో టీ తాగు, ఏం కావాలో వాళ్లే చెప్తారు.

నెలనెలా డబ్బు కట్టమంటే మాత్రం ఇక్కడ నడవదు. రైతు చేతికి డబ్బొచ్చేది మూణ్నాలుగు నెలలకి రొయ్యల పట్టుబడి అయ్యాకే, అప్పటిదాకా మేతే అప్పు మీద నడుస్తుంది, పంటకింతని రేటు పెట్టమని మీ వాళ్లకి చెప్పు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసే టారిఫ్ 50 శాతానికి పోయినప్పుడు, మన రొయ్యలు ఎక్కువగా వెళ్లేది అటే కాబట్టి, ఇక్కడ జనం ఎంత హడలిపోయారో చూశా, అలాంటప్పుడు వసూళ్లకి వెళ్లకు, ఊరికే పలకరించి రా, వాళ్లు మర్చిపోరు. సంక్రాంతి మూడ్రోజులూ ఎవరూ దొరకరు, జనవరి టార్గెట్లు ఆ లెక్కన వేసుకో.

ఇల్లు చూసేటప్పుడు అద్దె కన్నా ముందు నీళ్లడుగు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, బోరు వేస్తే ఉప్పు నీళ్లు. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచుకునే రా, జీతం ఒక నెల ఆలస్యమైనా నువ్వు కంగారు పడకూడదు.

లెటర్ రాగానే సంతకం పెట్టకుండా ముందు నాకు ఫొటో పంపు. బండి భీమవరం టౌన్‌కా, జంక్షన్‌కా చూసి చెప్పు, రెండూ వేరు స్టేషన్లు. అత్తయ్య పై గది అప్పుడే కడిగించేసింది.

మీ మావయ్య