మైగ్రేషన్ ఫైళ్లను ముందే పరీక్షించడం ఎలా?

ప్రశ్న: మా జావా అప్లికేషన్‌లో, డేటాబేస్ మార్పుల ఫైళ్లను (మైగ్రేషన్లను) వరుసగా నడిపే ఫ్లైవే వాడుతున్నాం. కొత్త వెర్షన్ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో డేటాబేస్‌లో నడపకముందే కోడ్‌తో తేల్చుకోవాలి. కానీ ఫ్లైవేలోని వ్యాలిడేట్‌ని పిలిస్తే, ఇంకా నడపని ఫైల్ ఉందంటూ ఎర్రర్ ఇస్తోంది. ఏం చేయాలి?

జవాబు: వ్యాలిడేట్ పని తీరే అంత. ఫోల్డర్‌లోని ఫైళ్లనూ, ఏవి నడిచాయో నమోదయ్యే హిస్టరీ టేబుల్‌లోని వరుసలనూ పోల్చి చూస్తుంది. ఇంకా నడపని (పెండింగ్) ఫైల్ కూడా దాని లెక్కలో తేడానే. కాన్ఫిగరేషన్‌లో, వేటిని పట్టించుకోకూడదో చెప్పే ఇగ్నోర్‌మైగ్రేషన్‌ప్యాటర్న్స్‌కి నక్షత్రం గుర్తు, కోలన్, పెండింగ్ అని ఇవ్వండి. వ్యాలిడేట్‌కి బదులు వ్యాలిడేట్‌విత్‌రిజల్ట్ పిలిస్తే పోలికలో తేడాలున్నా ఎక్సెప్షన్ రాదు. ఏ ఫైల్‌లో ఏం తప్పుందో జాబితాగా చేతికొస్తుంది. జాబితా ఖాళీగా లేకపోతే బిల్డ్ ఆపేయండి.

ఫైల్ పేర్లను పరీక్షించే వ్యాలిడేట్‌మైగ్రేషన్‌నేమింగ్‌ని కూడా ట్రూ చేయండి. డిఫాల్ట్‌గా అది ఫాల్స్. అప్పుడు పేరులో రెండు అండర్‌స్కోర్లకు బదులు ఒకటే పెట్టిన ఫైల్‌ని ఫ్లైవే చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. డిప్లాయ్ సాఫీగా పూర్తవుతుంది, ఆ ఫైల్ చేర్చాల్సిన కాలమ్ మాత్రం ఉండదు. ఎర్రర్ వచ్చినా నయమే!

ఇంతా చేసి, లోపలి ఎస్‌క్యూఎల్ సరైనదేనా అన్నది వ్యాలిడేట్ చూడదు. అందుకు ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్‌దే ఖాళీ డేటాబేస్‌ని కంటైనర్‌లో (విడిగా నడిచే తాత్కాలిక వాతావరణంలో) లేపి, మొదటి ఫైల్ నుంచి అన్నీ నడపాలి. ప్రొడక్షన్‌లో వాడే పోస్ట్‌గ్రెస్‌కి బదులు హెచ్‌2 అనే తేలికపాటి డేటాబేస్‌తో సరిపెట్టుకుంటే ఆ పరీక్షను నమ్మలేం. ఖాళీ టేబుళ్ల మీద నెగ్గిన ఫైల్ కూడా అసలు డేటా మీద బోల్తా పడొచ్చు: నల్ విలువలున్న కాలమ్‌కి నాట్ నల్ పెట్టినా, డూప్లికేట్లున్నచోట యూనిక్ ఇండెక్స్ వేసినా అంతే. కాబట్టి ప్రొడక్షన్ కాపీ మీద, వ్యక్తిగత వివరాలు చెరిపేశాక, మరోసారి నడపండి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అందులో ఆల్టర్ టేబుల్ లాంటి ప్రతి ఆజ్ఞా తనంతట తానే కమిట్ అయిపోతుంది. ఫైల్ మధ్యలో ఫెయిలైతే అంతవరకూ జరిగింది వెనక్కి రాదు. ఒక ఫైల్‌లో ఒకే మార్పు పెట్టుకోవడం మేలు.

ప్రశ్న: పాత ఫైల్‌లో ఒక కామెంట్ మాత్రమే మార్చాం. చెక్‌సమ్ (ఫైల్‌లోని అక్షరాల నుంచి లెక్కగట్టే సంఖ్య) కలవడం లేదంటోంది. ఫ్లైవేలోని రిపేర్ ఆజ్ఞ నడపొచ్చా?

జవాబు: చెక్‌సమ్ లెక్కలో కామెంట్లూ ఖాళీలూ కూడా ఉంటాయి. గిట్ నుంచి పాత ఫైల్‌ని యథాతథంగా తెచ్చిపెట్టండి, చాలు. రిపేర్ అన్న పేరు చూసి మోసపోవద్దు. అది సరిచేసేది హిస్టరీ టేబుల్‌ని, స్కీమాను కాదు. ఎస్‌క్యూఎల్ కూడా మారి ఉంటే, రిపేర్ తర్వాత హిస్టరీ ఒకటి చెబుతుంది, టేబుల్ మరొకలా ఉంటుంది. ఆ మార్పు కావాలంటే కొత్త వెర్షన్ ఫైల్ రాయండి.