లండన్ పాత పబ్బుల్లోకి తాగనివాళ్లు వెళ్లొచ్చా?

పోయిన సంచికలో లండన్ వీధుల గురించి రాస్తూ, ఫ్లీట్ స్ట్రీట్ సందులో ఉన్న ఒక పాత పబ్ మీద రెండు వాక్యాలు రాశాను. ఎక్కువ ఉత్తరాలు ఆ రెండు వాక్యాల మీదే వచ్చాయి. నేను ఆ ఊళ్లో పందొమ్మిదేళ్లు ఉన్నాను. మద్యం ముట్టను. అయినా ఆ పబ్బులంటే నాకు ప్రాణం. అందుకే ఈసారి జవాబులన్నీ వాటి గురించే.

*జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాం. మూడు వందల యాభై ఏళ్ల నాటి పబ్ చూపిస్తానని మా కోడలు అంటోంది. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. "పబ్‌కా?" అని మావారు ముఖం చిట్లించారు. పెద్దవాళ్లం వెళ్లదగ్గ చోటేనా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

తప్పకుండా వెళ్లండి. మీవారిని ఇబ్బంది పెట్టింది ఆ మాట. మనకు పబ్ అంటే హైదరాబాద్‌లో చెవులు దిమ్మెక్కించే పాటలు, చీకటి, గుమ్మం దగ్గరే ఎంట్రీ ఫీజు. అక్కడ అది 'పబ్లిక్ హౌస్' అనే మాటకు పొట్టి పేరు. ఆ పేటలో అందరిదీ అయిన ఇల్లు అన్నమాట. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. ఒక మూల పెద్దాయన పేపర్ చదువుకుంటూ ఉంటాడు, ఆయన కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంటుంది. ఇంకో బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. మీ వంక ఎవరూ వింతగా చూడరు.

మీ కోడలు చెప్పింది బహుశా 'యే ఓల్డ్ చెషైర్ చీజ్' అయి ఉంటుంది. 1666లో లండన్ నగరం తగలబడింది. ఆ మంటల్లో పోయిన పబ్‌ని మరుసటి ఏడాదే మళ్లీ కట్టారు. అప్పటి నుంచి రాజ్యమేలిన రాజులు, రాణుల పేర్లన్నీ గుమ్మం పక్క బోర్డు మీద వరసగా ఉంటాయి. ముందు ఆ బోర్డు చదివి, తర్వాత లోపలికి అడుగు పెట్టండి. లోపల వెలుతురు తక్కువ. కళ్లు అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. తర్వాత నల్లబడిన చెక్క గోడలు, చిన్న చిన్న గదులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. నేలమాళిగలోకి మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే పైనే కూర్చోండి. వెనక సందుల్లో రెండు నిమిషాలు నడిస్తే, 1755లో ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ ఇల్లు వస్తుంది. ఇప్పుడది మ్యూజియం. అదీ చూసి రండి.

ఇక పద్ధతి. నేను లండన్ వెళ్లిన మొదటి నెలలో, మా ఆఫీసు దగ్గర ఒక పబ్‌లో అరగంట కూర్చున్నాను. ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు. నా రంగు చూసి పట్టించుకోలేదేమో అనుకుని, కళ్లలో నీళ్లతో లేచి వచ్చేశాను. అసలు సంగతి వారం తర్వాత తోటి ఉద్యోగిని చెప్పింది. పాత పబ్బుల్లో మామూలుగా ఎవరూ బల్ల దగ్గరికి రారు. మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగాలి, అప్పుడే డబ్బులిచ్చి, గ్లాసు మనమే తెచ్చుకోవాలి. మీకు ఆ బాధ వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను. 'లైమ్ అండ్ సోడా' అడగండి, దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. చాలాచోట్ల టీ, కాఫీ ఇస్తారు. మద్యం అమ్మే చోట అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని అక్కడి చట్టం. శాకాహారులైతే ఒక్క జాగ్రత్త: కొన్నిచోట్ల బంగాళాదుంప చిప్స్‌ని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. మొహమాటపడకుండా ముందే అడగండి.

*లండన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. చేతిలో ఒక్క శనివారం ఉంది, డబ్బులు తక్కువ. నడిచి చూడగలిగే పాత పబ్బులు చెప్పండి. – ఒక విద్యార్థి, గుంటూరు*

లండన్ బ్రిడ్జ్ స్టేషన్ దగ్గర 'జార్జ్ ఇన్'తో మొదలుపెట్టు నాయనా. గుర్రపు బండ్ల కాలంలో ప్రయాణికులు రాత్రి బస చేసే సత్రం అది. 1676లో ఆ పేట కాలిపోతే మరుసటి ఏడాది తిరిగి కట్టారు. ముందు పెద్ద వాకిలి, దాని మీదికి పై అంతస్తుల చెక్క వరండాలు. ఇలాంటి వరండాల సత్రం లండన్‌లో ఇదొక్కటే మిగిలింది. ఒకప్పుడు వాకిలికి మూడు వైపులా ఉండేవి. 1889లో రైల్వే కంపెనీ రెండు వైపులు కూల్చేసింది. మిగిలిన ఆ ఒక్క వైపు 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. వాకిట్లో బల్ల మీద కూర్చుని పైకి చూడు, పోయిన రెండు వైపులూ ఎంతుండేవో తెలుస్తుంది.

అక్కడి నుంచి నది ఒడ్డున నడిచి బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దాటితే, దోసెడు చోటులో ఇరికించినట్టు ఒక ముక్కోణపు భవనం కనిపిస్తుంది. అదే 'బ్లాక్ ఫ్రయర్'. పూర్వం అక్కడ నల్లటి అంగీలు వేసుకునే క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. అందుకే 1905 నుంచి లోపలంతా సన్యాసుల బొమ్మలతో నింపారు. రాగి రేకుల మీద, పాలరాయి మీద వాళ్లు పాడుతూ, చేపలు పడుతూ ఉంటారు. 1960లలో దీన్ని కూల్చాలని చూస్తే, కవి జాన్ బెట్జమన్ లాంటివాళ్లు పోరాడి ఆపించారు. ఇక్కడ తొందరపడకు. వెనక గదిలో పైకప్పు చూడకుండా రావద్దు.

తర్వాత ఫ్లీట్ స్ట్రీట్‌లో చెషైర్ చీజ్, ఆ తర్వాత హాల్‌బర్న్‌లో 'ప్రిన్సెస్ లూయీస్'. ఈ చివరిదాని గురించి నాకు ఎక్కువ చెప్పాలనుంది. ఒకే కౌంటర్ చుట్టూ చెక్కతో, పువ్వులు చెక్కిన అద్దాలతో చిన్న చిన్న అరలు కట్టారు. విక్టోరియా కాలంలో ఒకే కప్పు కింద కూలివాళ్లకు ఒక వైపు, దొరలకు ఒక వైపు ఉండేవి. తాగే సరుకు ఒకటే అయినా గది వేరు, ధర వేరు. అక్కడికి దగ్గర్లోనే 'ద లామ్' అనే పబ్‌లో, తల ఎత్తున చిన్న తిరిగే అద్దాలు ఇప్పటికీ ఉన్నాయి. పోసేవాడికి తన ముఖం కనిపించకుండా పెద్దమనిషి వాటిని తిప్పుకునేవాడు. మా ఊరి టీ కొట్లో రెండు రకాల గ్లాసులు చూస్తూ పెరిగినదాన్ని. ఆ అద్దాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. నువ్వూ కాసేపు నిలబడు.

డబ్బుల విషయానికి వస్తే, మధ్య లండన్‌లో ఒక పైంట్, అంటే 568 మిల్లీలీటర్ల బీరు, ఆరేడు పౌండ్లు ఉంటుంది. ప్రతిచోటా కొనాల్సిన పని లేదు. రెండుచోట్ల ఏదో ఒకటి కొనుక్కో, మిగతాచోట్ల చూసి, అడిగి ఫొటో తీసుకుని రా. స్నేహితులతో వెళ్తే ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనే 'రౌండ్' పద్ధతి ఉంటుంది. నీకు వీలు కాకపోతే "నాది నేను కొనుక్కుంటాను" అని మొదట్లోనే చెప్పు. ఎవరూ తప్పు పట్టరు. మధ్యలో తప్పుకుంటేనే బాగుండదు.

*మన దేశంతో సంబంధం ఉన్న పబ్ ఏదైనా ఉందా? – ఒక పాఠకుడు, విజయవాడ*

నేను పంపించగలిగేది ఒకటుండేది. అది పబ్ కాదు గానీ, దానిలాగే నడిచేది. స్ట్రాండ్ వీధిలో 'ఇండియా క్లబ్'. 1951లో మొదలైంది. బ్రిటన్‌లో మన మొదటి హైకమిషనర్ కృష్ణమీనన్ దాని వెనక ఉన్నవారిలో ఒకరు. మెట్లెక్కితే ఒక అంతస్తులో బార్, ఇంకొంచెం ఎక్కితే భోజనశాల. గోడల మీద పాత నాయకుల ఫొటోలు, బల్ల మీద మసాలా దోసె. మావారి జీతం తక్కువగా ఉన్న రోజుల్లో మా పెళ్లిరోజులు రెండు అక్కడే జరిగాయి. 2023 సెప్టెంబర్‌లో మూతపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

*కూల్చేసిన పబ్‌ని ఇటుక ఇటుకా పేర్చి మళ్లీ కట్టించారని విన్నాను. నిజమేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం*

నూటికి నూరుపాళ్లు నిజం. కిల్‌బర్న్ ప్రాంతంలోని 'కార్ల్‌టన్ టావెర్న్'. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబు పడి పోయిన పబ్ స్థానంలో 1920ల మొదట్లో కట్టింది. 2015 ఏప్రిల్‌లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించే విషయం పరిశీలనలో ఉండగానే, కొన్న సంస్థ అనుమతి లేకుండా యంత్రాలు తెచ్చి కూల్చేసింది. పేటవాళ్లు ఊరుకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరుగుతుందనే అనుమానంతో, ఆ భవనం వివరాలన్నీ ముందే నమోదు చేయించి ఉంచారు. దాని పలకలకు (టైల్స్‌కి) అచ్చులు కూడా తీయించారు. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఉన్నదున్నట్టు తిరిగి కట్టమని ఆదేశించింది. శిథిలాల్లోంచి పనికొచ్చిన ఇటుకలు ఏరి వాడారు. 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరుచుకున్నాయి. మన ఊళ్లలో పాత బంగళాలు, సత్రాలు రాత్రికి రాత్రి నేలమట్టమవుతుంటే నాకు ప్రతిసారీ ఆ పలకల అచ్చులే గుర్తొస్తాయి.

అటు వెళ్తే కెన్సల్ గ్రీన్ శ్మశానం పెద్ద దూరం కాదు. మన సి.పి. బ్రౌన్ అక్కడే ఉన్నారు. ఒక పువ్వు పెట్టి రండి.

*ఎనిమిదేళ్ల పాపతో వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, కరీంనగర్*

పగటిపూట, భోజనాల వేళ, పెద్దవాళ్లతో అయితే చాలావాటిలోకి రానిస్తారు. చీకటి పడ్డాక చాలాచోట్ల వద్దంటారు, కాబట్టి గుమ్మం దగ్గరే అడగండి. కొన్ని శని, ఆదివారాల్లో మూసి ఉంటాయి, అదీ చూసుకోండి. బయలుదేరే ముందు పాపకి చెషైర్ చీజ్‌లో ఉండిన పాలీ అనే చిలక సంగతి చెప్పండి. 1926లో అది చనిపోతే పత్రికలు మనుషులకు రాసినట్టే సంతాపం రాశాయి.