ఇంగ్లీషులో ప్రసంగించే ముందు

చిరంజీవి అమ్మాయికి,

వచ్చే నెల ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ల ముందు మాట్లాడాలని, నీ యాస విని నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ఉన్న కాస్త టైమూ వాళ్లలా మాట్లాడటం నేర్చుకోవడానికి పెట్టకు తల్లీ. యాస వినబడటం వేరు, మాట అర్థం కాకపోవడం వేరు. 1995లో మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు ఇంగ్లీషు సొంత భాష కానివాళ్ల మాటలు రికార్డు చేసి, ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్లకు వినిపించి, విన్నది విన్నట్టు రాయించారు. యాస బాగా ఎక్కువగా ఉందన్న వాక్యాలను కూడా ఎన్నింటినో పొల్లుపోకుండా రాయగలిగారు.

మనకు అసలు చిక్కు ఒత్తి పలకడం దగ్గర వస్తుంది. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. వాళ్లు మాటలో ఒక్క ముక్కను ఒత్తి, మిగతావి మింగేస్తారు. ఆ ఒత్తును బట్టే మాటను పట్టుకుంటారు. మనం 'డెవలప్' అంటాం, వాళ్లు 'డివెలప్' అని 'వె'ను ఒత్తుతారు. 'కాంపొనెంట్' వాళ్ల నోట 'కంపోనెంట్', ఒత్తు 'పో' మీద.

అంకెలతో మరీ జాగ్రత్త. ఒకసారి మీటింగులో నేను 'ఫిఫ్టీన్' అంటే ఎదుటివాళ్లు యాభై అని రాసుకున్నారు. మొదటి ముక్కను ఒత్తి, చివరి 'న్'ను తేల్చేశాను. అది బయటపడేసరికి వారం గడిచింది. అప్పటినుంచి 'టీన్'ను ఒత్తి, వెంటనే 'వన్ ఫైవ్' అని కూడా చెబుతున్నాను.

'క్యాన్' ఇంకో చిక్కు. వాళ్లు మామూలుగా దాన్ని 'కన్' అని తేల్చేస్తారు, 'క్యాంట్'ను మాత్రం ఒత్తుతారు. అందుకే నువ్వు 'వుయ్ క్యాన్' అని గట్టిగా ఒత్తితే కొందరికి 'చేయలేం' అని వినబడవచ్చు. కాదని చెప్పాల్సిన చోట 'క్యానాట్' అని పూర్తిగా అను.

'వి', 'డబ్ల్యూ' తేడా కూడా ఉంది. 'వి'కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, 'డబ్ల్యూ'కి పెదవులు గుండ్రంగా చుట్టాలి. రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

ముందు నీ ప్రసంగంలో పదేపదే వచ్చే పదిహేను మాటలు ఏరుకో. డిక్షనరీ యాప్‌లో ఒక్కోదాన్నీ విని, ఒత్తే ముక్క కింద పెన్సిలుతో గీత గీయి. వాక్యం ఎక్కడ ఆపాలో అక్కడ నిలువు గీత పెట్టుకో. కంగారులో మనం ఆగకుండా పరుగెత్తుతాం, అప్పుడు చక్కగా పలికిన మాట కూడా చేజారిపోతుంది.

తర్వాత ఫోనులో రికార్డు చేసి నాకు పంపు. అంకెలు వచ్చే చోటల్లా ఆపి, రెండుసార్లు వింటాను.

నీ పెద్దమ్మ