మీరు అడిగారు: కాటుక పెట్టుకున్న రాక్ కుర్రాళ్ళు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సెకండియర్. గది గోడల నిండా ఎర్ర జుట్టు, కళ్ళ చుట్టూ ఇంత కాటుక, లిప్‌స్టిక్ వేసుకున్న జపాన్ మగపిల్లల ఫోటోలు అంటించాడు. అదేంట్రా అంటే "విజువల్ కే" అంటాడు. వాళ్ళ నాన్నగారు చూస్తే ఏమంటారోనని నాకు టెన్షన్.
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కంగారేం లేదమ్మా. "కే" అంటే జపాన్ భాషలో కోవ, తరహా. చెవులతో పాటు కళ్ళకీ పని పెట్టే రాక్ సంగీతం అనుకోండి. దీన్ని జనంలోకి తెచ్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది "ఎక్స్" బ్యాండ్, జపాన్‌లోని చీబాలో యోషికీ, తోషి అనే చిన్ననాటి స్నేహితులు 1982లో పెట్టారు, 1992లో ఎక్స్ జపాన్ అని పేరు మార్చుకున్నారు. వాళ్ళ నినాదంలోని "విజువల్ షాక్" అన్న మాట నుంచే ఈ పేరు పుట్టిందంటారు.

మగాళ్ళకి ఆ ముస్తాబేంటి అంటారా? ఆ మాట మన వైపు వాళ్ళం అనకూడదండీ! బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టీ కట్టీ 1956లో పద్మశ్రీ అందుకున్నారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామగా వాలుజడ విసిరితే ఆడవాళ్ళే కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. జపాన్‌లోనూ 1629లో ఆడవాళ్ళు కబుకి (వాళ్ళ సంప్రదాయ నాటకం) ఆడకూడదని నిషేధం పెట్టారు, ఆ తర్వాత ఆడవేషాలు మగవాళ్ళే కట్టారు. ఈ బ్యాండ్ల వాళ్ళు మేకప్, తళుకుల బట్టలతో ఆడే పాశ్చాత్య గ్లామ్ రాక్ హంగులు కూడా కలిపి ఇంకా రెచ్చిపోయారు, అంతే తేడా. మీవారికి నాటకాల పిచ్చి ఉంటే స్థానం వారి ముక్క ముందు చెప్పి, ఆ తర్వాత ఫోటోలు చూపించండి. ఇంకా గునిస్తే, 1999లో జపాన్ చక్రవర్తి సింహాసనమెక్కి పదేళ్ళయిన వేడుకకి పియానో కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే పెద్ద రచన) రాసి, స్వయంగా వాయించింది ఈ యోషికీయే అని చెప్పండి.

నన్నడిగితే మేకప్ కన్నా మెడ గురించి చూసుకోవాలి. డ్రమ్స్ వాయిస్తూ ఏళ్ళ తరబడి తల విదిలించి విదిలించి యోషికీ 2009లో ఒకసారి, 2017లో మరోసారి మెడకి ఆపరేషన్ చేయించుకున్నాడు. మీవాడు తలుపేసుకుని అలా ఊగుతుంటే మాత్రం రెండు తిట్టండి, తప్పు లేదు.

ప్రశ్న: మా ఫ్రెండ్ ఈ బ్యాండ్లు వినమంటోంది, నాకేమో అరుపులు పడవు. ఎక్కడ మొదలుపెట్టను?
- డిగ్రీ విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అయితే అరుపులెక్కువుండే డిర్ ఎన్ గ్రే బ్యాండు జోలికి ఇప్పుడే పోకు. ఎక్స్ జపాన్‌లోనే పియానోతో నెమ్మదిగా సాగే పాటలున్నాయి, అవి విను, తర్వాత లూనా సీ, అది నచ్చితే మాలిస్ మిజేర్. ఈ చివరి బ్యాండులో మనా అనే గిటారిస్టు పొడుగు గౌన్లు వేసుకుని వచ్చేవాడు, జనం ముందు నోరు విప్పేవాడు కాదు, చెప్పాల్సింది పక్కవాడి చెవిలో ఊదేవాడు. ముందే చెప్తున్నా, అతను అబ్బాయే, మళ్ళీ ఆ ఒక్క డౌటు కోసం ఉత్తరం రాయకు.