వచ్చిన సీటేదీ మనసుకు నచ్చకపోతే?

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లా. ఇంటర్ ఎంపీసీ రెండేళ్లూ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివాను. వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ చదవాలన్నది తప్ప మరో ఆలోచన ఎన్నడూ పెట్టుకోలేదు. జేఈఈ మెయిన్‌లో దానికి సరిపడా ర్యాంకు రాలేదు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో అగర్తలా ఎన్‌ఐటీలో సివిల్ ఇచ్చారు. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ మొదటి విడత కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ (డేటా సైన్స్) వచ్చింది. రెండో విడతకు వెళితే, నిరుటి చివరి ర్యాంకులను బట్టి చూస్తే, జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) వచ్చేలా ఉంది. నాన్న కంప్యూటర్ వదలొద్దంటున్నారు. మామయ్య ఎన్‌ఐటీ పేరు పోగొట్టుకోవద్దంటున్నారు. అమ్మ అంత దూరం పంపనంటోంది. చదువులో నాకు నిజంగా నచ్చింది ఫిజిక్స్ ల్యాబ్ ఒక్కటే. డయోడ్ ప్రయోగంలో 0.7 వోల్టుల దగ్గర మీటరు ముల్లు ఒక్కసారిగా లేస్తే, మేడమ్‌ను అడిగి మళ్లీ మళ్లీ చేశాను. చుట్టాలు ఫోన్లు చేసి అభినందిస్తుంటే ఏడుపొస్తోంది. మరో ఏడాది కోచింగ్ తీసుకునే లాంగ్‌టర్మ్‌లో చేరమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: సంతోషం కలగడం లేదన్న ఒక్క కారణంతో ఈ మూడు సీట్లనూ పనికిరానివిగా లెక్కకట్టకండి. వారం వారం పరీక్షలు, వాటి ర్యాంకులు, ఆ ర్యాంకులను బట్టి మారిపోయే సెక్షన్ల మధ్య రెండేళ్లు గడిపినవారికి, కాలేజీ అంటే నాలుగేళ్లు కూర్చుని చదువుకోవలసిన చోటు అన్న సంగతి మరుగున పడిపోవడం సహజం. వరంగల్‌లో ఏ పాఠం వినాలనుకున్నారో, ఏ ల్యాబ్‌లో పనిచేయాలనుకున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు కోరుకున్నది ఆ చదువును కాదేమో, ఫ్లెక్సీ మీద మీ ఫొటో పక్కన ఆ పేరు కనిపించడాన్నేమో అని నాకు అనుమానం. మాట కటువుగా తోస్తే మన్నించండి, కానీ ఈ తేడా తెలియకుండా ఏ సీటు ముందు నిలబడినా మీకు వెలితిగానే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు గడువుల సంగతి చూడండి, ఎందుకంటే మనసు కుదుటపడేదాకా కౌన్సెలింగ్ ఆగదు. ఎప్‌సెట్‌లో వచ్చిన సీటుకు గడువులోగా ఆన్‌లైన్‌లో ఫీజు చెల్లించి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు నమోదు) చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. చేసిన తర్వాత కూడా రెండో విడతలో వెబ్ ఆప్షన్లు (కోరుకునే కాలేజీలు, బ్రాంచీల జాబితా) పెట్టుకోవచ్చు. అయితే అక్కడ కొత్త సీటు వచ్చిందంటే పాత సీటు దానంతటదే పోతుంది, తిరిగి కావాలన్నా ఇవ్వరు. అందుచేత ఇప్పుడు చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగైనవి అనుకున్న వాటినే రెండో విడతలో పెట్టండి. జాబితా నింపాలన్న తొందరలో యాభై ఆప్షన్లు పెట్టి, ఉన్నదానికన్నా తక్కువ కాలేజీకి జారిపోయేవారు తక్కువేమీ కాదు. జోసాలోనూ ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అనే మూడింటి అర్థం స్పష్టంగా తెలుసుకున్నాకే మీట నొక్కండి. ఫ్రీజ్ అంటే వచ్చిన సీటే చాలని, ఫ్లోట్ అంటే ఏ సంస్థలోనైనా మీరు పైన పెట్టుకున్న ఆప్షన్ వస్తే మారడానికి సిద్ధమని, స్లైడ్ అంటే అదే సంస్థలో మరో బ్రాంచికి మాత్రమే సిద్ధమని అర్థం.

ఇక సీట్ల విషయం. ప్రైవేటు కాలేజీ సీటును తీసిపారేయను గాని, దాని బ్రోచర్‌ను మాత్రం నమ్మను. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో సీట్లపై ఉన్న పరిమితిని ఎత్తివేశాక కంప్యూటర్ సంబంధ బ్రాంచీల్లో సీట్లు బాగా పెంచుకున్న కాలేజీలున్నాయి. ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. మీ సీటున్న కాలేజీలో కొత్త సెక్షన్లకు పాఠం చెప్పేది ఎవరో, ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ ముందు ఎందరు కూర్చుంటున్నారో రెండో సంవత్సరం విద్యార్థులను అడగండి. నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపుల్లో నాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి సంబంధించినది. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వచ్చేదాకా ఒక బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు రాదు కనుక, డేటా సైన్స్ వంటి కొత్త బ్రాంచికి అది లేకపోవడం తప్పు కాకపోవచ్చు. కానీ పక్క బ్రాంచికి వచ్చిన గుర్తింపును దీనికీ ఉన్నట్టు చెబితే జాగ్రత్తపడండి. ఉద్యోగాల విషయంలో పత్రికా ప్రకటనల్లోని అత్యధిక ప్యాకేజీని పక్కన పెట్టి, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఆ కాలేజీ సమర్పించిన వివరాలు వెతకండి. ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు వాటిని తమ వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది) ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఒకే ఒక్కరికి వచ్చిన నలభై లక్షలకన్నా ఆ మధ్యస్థ జీతమే మీకు అసలు కథ చెబుతుంది.

అగర్తలా మీద మీ మామయ్య మాటలో కొంత నిజముంది. అది 1965లో మొదలైన పాత కాలేజీ, ఎన్‌ఐటీ పేరుకు విలువా ఉంది. సివిల్ చదివినవారికి ప్రభుత్వ ఉద్యోగాల దారి కూడా పెద్దదే. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో సివిల్ ఉంది, కంప్యూటర్ సైన్స్ లేదు. అయితే మీ ఉత్తరమంతటిలో సివిల్ గురించి ఒక్క మాటైనా లేదు. రెండు రోజులకు మించిన రైలు ప్రయాణం, ఇష్టం లేని బ్రాంచి, ‘మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకోవచ్చులే’ అన్న ఆశ, ఈ మూడూ ఒకచోట కలవడం మంచిది కాదు. అటువంటి మార్పు ఉన్నచోట్ల కూడా అది మంచి గ్రేడు తెచ్చుకున్న కొద్దిమందికే దక్కుతుంది. సివిల్‌తోనే నాలుగేళ్లూ ఉండగలననుకుంటే వెళ్లండి, లేకుంటే పేరు కోసం వెళ్లకండి.

నన్ను ఆపి ఆలోచింపజేసినది మీరు డయోడ్ గురించి రాసిన వాక్యం. ఎంత వోల్టేజీ పెంచినా కదలని ముల్లు ఒక హద్దు దాటగానే ఎందుకు లేస్తుందో చూడాలని, మార్కులతో పని లేకుండా, మళ్లీ మళ్లీ ప్రయోగం చేసిన అమ్మాయి మీరు. ఈసీఈ మొదటి రెండేళ్లలో చాలా భాగం దాని కొనసాగింపే: డయోడ్ తర్వాత ట్రాన్సిస్టర్, యాంప్లిఫయర్, డిజిటల్ సర్క్యూట్లు, మైక్రోకంట్రోలర్లు. ఉద్యోగాల వైపు చూసినా, చిప్ డిజైన్, ఎంబెడెడ్ సిస్టమ్స్ పనులకు హైదరాబాద్ పెద్ద కేంద్రం. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు కొన్ని అక్కడే ఉన్నాయి. ఇస్రో ఇంజినీర్ల నియామకాల్లో ఎలక్ట్రానిక్స్‌కు ప్రత్యేకంగా పోస్టులుంటాయి. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షను బీటెక్ మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ చాలా కంపెనీలు ఈసీఈ వారిని పిలుస్తాయి కనుక మీ నాన్నగారి భయం సగం తీరినట్టే.

జగిత్యాల కాలేజీ 2007లో మొదలైంది, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు సొంత కాలేజీ. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నన్ని కంపెనీలు అక్కడ ఉండవు, ఇంటర్న్‌షిప్ కోసం మీరే తిరగాలి. ఆ లోటును దాచను. అయినా నన్నడిగితే రెండో విడతలో దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టమంటాను. మీ పక్క జిల్లాయే కనుక, గడువు ముగిసేలోగా ఒక పనిదినాన వెళ్లి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ తలుపు తీసి ఉందో, ఆసిలోస్కోపులు పనిచేస్తున్నాయో, సీనియర్ అమ్మాయిలు హాస్టల్ గురించి ఏమంటున్నారో చూసి రండి. అక్కడ చూసింది నచ్చకపోతే ఆ ఆప్షన్ తీసేసి, ప్రైవేటు కాలేజీ సీటునే నిలుపుకోండి. అప్పుడు అది దిక్కులేక చేరినది కాదు, చూసి ఎంచుకున్నది అవుతుంది.

లాంగ్‌టర్మ్ వద్దు. ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి మూడేళ్లపాటు జేఈఈ మెయిన్ రాయవచ్చన్నది నిజమే. కానీ ర్యాంకు కోసం చదివి అలసిన మనసును అదే గదికి మరో ఏడాది పంపడానికి మీరు చెప్పిన కారణం చాలదు. ఫలానా సబ్జెక్టులో ఫలానా చోట దెబ్బతిన్నాను, దాన్ని సరిచేసుకోగలను అని చెప్పగలిగిన వారికి మాత్రమే ఆ సలహా ఇస్తాను.

ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు గనుక, మూడు సీట్లకూ నాలుగేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు, ప్రయాణం, మధ్యస్థ జీతం ఒకే కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు ఎంతవరకు వర్తిస్తుందో మీసేవలో కాదు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్‌లోనే అడిగి తెలుసుకోండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. మామయ్యగారితో వాదించకండి, ఆ కాగితం ఆయనకూ చూపించండి.