బ్రెయిన్ ఇమేజింగ్ సెంటర్‌లో చేరుతుంటే లక్షన్నర పెట్టి ల్యాప్‌టాప్ కొనాలా?

కావలిలో ఈసీఈ పూర్తయిందని, ఒక యూనివర్సిటీ బ్రెయిన్ ఇమేజింగ్ సెంటర్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరబోతున్నానని రాశారు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న లక్షన్నర ల్యాప్‌టాప్ కోసం మీ నాన్నగారు అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డారట. అది లేకపోతే అక్కడ పని సాగదేమోనని మీ టెన్షన్. నా జవాబు ఒకటే: కొనకండి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదే ఒకప్పుడు మా ఇంట్లోనూ జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది టంగుటూరు దగ్గర పల్లె. 2019లో నాకు ఇలాంటి సెంటర్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు పొగాకు వేలం డబ్బులు బ్యాంకులో పడగానే నాన్న నన్ను ఒంగోలు తీసుకెళ్లి, షాపులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన ల్యాప్‌టాప్ కొనిచ్చారు. దాంట్లో స్కాన్ చూసి మెదడు భాగాలను కొలిచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఒక్క మనిషి మెదడు స్కాన్ ఇచ్చాను. రాత్రి అన్నం తిని మొదలుపెడితే తెల్లారినా అవలేదు. ఫ్యాన్ ఒకటే మోత. కీబోర్డు మీద చెయ్యి ఆనించలేనంత వేడి. మొత్తం పదిన్నర గంటలు పట్టింది. మా ప్రాజెక్టులో అలాంటి స్కాన్లు 140. ఒకదాని తర్వాత ఒకటి క్షణం ఆపకుండా నడిపినా రెండు నెలలు! సెంటర్‌లోని క్లస్టర్‌కు, అంటే అందరూ కలిసి వాడుకునే పెద్ద కంప్యూటర్ల గుంపుకు, అవే 140 స్కాన్లు శుక్రవారం సాయంత్రం ఇస్తే సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయి ఉన్నాయి. ఆ రోజు నాన్న పెట్టిన డబ్బు గుర్తొచ్చి చాలా బాధేసింది.

ఈ రంగంలో వాడే ముఖ్యమైన సాఫ్ట్‌వేర్లన్నీ క్లస్టర్‌లో ముందే వేసి ఉంటాయి. బోస్టన్‌లో పుట్టిన ఫ్రీసర్ఫర్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఎల్, లండన్ వాళ్ల ఎస్‌పీఎం, ఏఎఫ్‌ఎన్‌ఐ ఇవన్నీ. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు వేసుకుంటే వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఫ్రీసర్ఫర్ వెర్షన్ మారితే అదే స్కాన్‌కు కార్టెక్స్ (మెదడు పైపొర) మందం లెక్క మారిపోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ మారినా కొద్దిగా తేడా రావచ్చు. అందుకే ప్రాజెక్టు మొత్తం ఒకే వెర్షన్‌తో, చాలా చోట్ల యాప్టైనర్ కంటైనర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావాల్సినవాటితో సహా ఒకే మూటగా కట్టే పద్ధతి) పెట్టి నడుపుతారు. మీ సొంత మెషీన్‌లో తీసిన లెక్కలను ప్రాజెక్టు ఫలితాల పట్టికలో కలపనివ్వరు.

క్లస్టర్ వాడటం మాత్రం నేర్చుకోవాలి. టంగుటూరు వేలం కేంద్రానికి ఎవరికి తోచినప్పుడు వాళ్లు బేళ్లు వేసుకుని పోరు కదా, ఏ రోజు ఏ ఊళ్ల వంతో ముందే చెబుతారు. క్లస్టర్‌లో ఆ వంతులు చూసే ప్రోగ్రాం పేరు స్లర్మ్. నా పనికి ఇన్ని ప్రాసెసర్ కోర్లు, ఇంత మెమరీ, ఇన్ని గంటలు కావాలని ఒక చిన్న ఫైల్‌లో రాసి ఇస్తే, ఖాళీ చూసి అదే మొదలుపెడుతుంది. మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయంతో నేను మొదట్లో ఒక్కో స్కాన్‌కు 64 జీబీ అడిగేదాన్ని. రెండు రోజులైనా క్యూలో కదిలేది కాదు. పని అయ్యాక నిజంగా ఎంత మెమరీ వాడిందో చూపించే కమాండ్ ఉంటుందని ఒక సీనియర్ చెబితే చూశాను. 6 జీబీ కూడా దాటలేదు! 8కి తగ్గించి ఇస్తే గంటలోపే మొదలైంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2023 డిసెంబర్‌లో సెలవు మీద ఇంట్లో ఉన్నాను. మిచౌంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు సాయంత్రం ఇంటి నుంచే కనెక్టయి రెండు పనులు మొదలుపెట్టాను. ఒకటి స్లర్మ్‌కు ఇచ్చాను. రెండోది ఫైళ్లు కాపీ చేసేది, చిన్నపనే కదా అని నేరుగా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) నడిపాను. చీకటి పడ్డాక కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్ సిగ్నలూ పోయింది. రెండు రోజుల తర్వాత కరెంటు వచ్చాక లాగిన్ అయి చూస్తే, స్లర్మ్‌కు ఇచ్చిన పని పూర్తయి ఉంది. కాపీ మాత్రం కనెక్షన్ తెగిన చోటే ఆగిపోయింది. అప్పటి నుంచి టీమక్స్ (కనెక్షన్ తెగినా క్లస్టర్‌లో పని ఆగకుండా చూసే ప్రోగ్రాం) లేకుండా టెర్మినల్‌లో ఏదీ వదలను. తుపాన్లు, కరెంటు కోతలు మనకు కొత్త కాదు కాబట్టి మీరు మొదటి వారంలోనే నేర్చుకోండి.

స్టోరేజీ విషయంలో నేను నిజంగా దెబ్బతిన్నాను. క్లస్టర్‌లో మామూలుగా మూడు చోట్లు ఉంటాయి. హోమ్ చిన్నది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌కు బ్యాకప్ ఉంటుంది. స్క్రాచ్ పెద్దది, వేగమైనది, కానీ కొన్నాళ్లు ముట్టుకోని ఫైళ్లను సిస్టమే తుడిచేస్తుంది. మా దగ్గర ఆ గడువు 60 రోజులు. చేతితో దిద్దిన 31 స్కాన్లు స్క్రాచ్‌లో వదిలేసి అక్క పెళ్లికి ఊరొచ్చాను, ఆ తర్వాత వేరే పనిలో పడ్డాను. తిరిగి ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. హెచ్చరిక మెయిల్ వచ్చిందట, నేను చూసుకోలేదు. మెదడు అంచు దగ్గర ఒక్కో పొరలో తప్పుగా పడిన గీతలను మౌస్‌తో సరిచేసిన మూడు వారాల పని అది. మళ్లీ మొదటి నుంచి చేశాను. మీ సెంటర్‌లో ఆ గడువు ఎన్ని రోజులో చేరిన రోజే అడిగి రాసి పెట్టుకోండి.

స్కాన్లను ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవద్దనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఉంది. ఒకసారి ఒక వాలంటీర్ స్కాన్‌ను త్రీడీలో తిప్పి చూస్తున్నాను. ముక్కు, పెదవులు, గడ్డం కింద సొట్ట ఒక్కొక్కటే తేలాయి. ముందురోజు నాతో మాట్లాడి వెళ్లిన ఆయనే! పేరు తీసేసినా ముఖం అందులోనే ఉంటుంది. అందుకే బయటికి ఇచ్చే ముందు ముఖం భాగాన్ని చెరిపేస్తారు. మనల్ని నమ్మి మిషన్‌లో పడుకున్న మనిషి ముఖం బస్సులో పోగొట్టుకునే వస్తువులో ఉండకూడదు.

కంప్యూటింగ్ సపోర్ట్ వాళ్లను మొహమాటం లేకుండా అడగండి. మన ప్రాంతం నుంచి వెళ్లిన పిల్లలు ఇంగ్లిష్‌కు జంకి వారాల తరబడి లోపల్లోపలే కుమిలిపోవడం నేను చూశాను, నేనూ అలాగే చేశాను. చివరికి ఒకరోజు ‘ప్రోగ్రాం నడవట్లేదు సార్’ అని ఒక్క ముక్క మెయిల్ పెట్టాను. ఆయన మూడు అడిగారు: జాబ్ నంబర్ ఎంత, ఏ కమాండ్ ఇచ్చావు, లాగ్ ఫైల్ చివరి ఇరవై లైన్లు ఏమిటి. ఆ లైన్లు కాపీ చేస్తుంటే నాకే కనిపించింది, నా స్టోరేజీ కోటా నిండిపోయిందని రాసి ఉంది. ఆ మూడూ పెట్టి రాస్తే మీ ఇంగ్లిష్ ఎలా ఉన్నా వాళ్లకు పని అర్థమవుతుంది.

చేరేలోపు నెల టైముందన్నారు. ఇప్పుడున్న ల్యాప్‌టాప్‌లోనే లైనక్స్ వేసుకుని కమాండ్లు అలవాటు చేసుకోండి. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో స్కాన్ డేటా ఉచితంగా దొరుకుతుంది, ఒక చిన్న డేటాసెట్ దించుకుని ఫోల్డర్లు ఎలా అమర్చారో చూడండి. ఆ అమరికను బిడ్స్ అంటారు, 2016లో వచ్చింది, మీ పనంతా దాని మీదే ఉంటుంది. ఫ్రీసర్ఫర్ లైసెన్స్ ఫైల్ ఉచితమే, రిజిస్టర్ చేసుకుంటే మెయిల్‌లో వస్తుంది. ఇప్పుడున్నది మరీ పాతదైతే 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. అదీ చేరి నెల రోజులు చూశాక కొనండి, కొన్ని సెంటర్లలో డెస్క్ మీద మెషీన్ వాళ్లే ఇస్తారు. క్లస్టర్ అకౌంట్‌కు మాత్రం మొదటి రోజే అప్లికేషన్ ఇవ్వండి. గైడ్ సంతకం, ఐడీ కార్డు అన్నీ అయ్యేసరికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.