సమాధానం: కథ లేని బీటిల్స్ సినిమాకి కుర్రాళ్లను కూర్చోబెట్టడం ఎలా?

కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ నటించిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ వేద్దామంటే, కథ లేదు, యాస అర్థం కాదు, అరగంటకే లేచిపోతారేమో అన్నారు కదండీ. తప్పకుండా వేయండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టండి, వాళ్ల ఊరు లివర్‌పూల్ యాస మనకి ఓ పట్టాన అందదు.

సినిమాకి ముందే ‘కాంట్ బై మీ లవ్’ పాట ఒక్కటి చూపించండి. బీటిల్స్ నలుగురూ బయటి ఇనుప మెట్లు దిగి మైదానంలోకి పరిగెత్తి గెంతులేస్తారు. ఎవరూ పెదవి కదపరు. పాట దారి పాటది, ఆట దారి ఆటది. 1964లో రిచర్డ్ లెస్టర్ తీసిన ఆ కాసేపట్లో తర్వాతి మ్యూజిక్ వీడియోల పద్ధతి చాలావరకు కనబడుతుంది. ఇది చూశాక కుర్రాళ్లు కథ కోసం ఎదురుచూడరు.

మొదట్లో వచ్చే రైలు సీను దగ్గర కాస్త ఆగి మాట్లాడండి. పెద్దమనిషి ఒకాయన కిటికీ మూసేస్తాడు, రేడియో కట్టేస్తాడు, మీలాంటి వాళ్ల కోసమే యుద్ధం చేశానంటాడు. గెలిచినందుకు బాధపడుతుంటారు అంటాడు బీటిల్స్ డ్రమ్మర్ రింగో. అప్పటి బ్రిటన్‌లో రెండు తరాల మధ్య దూరం ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. అలన్ ఓవెన్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు!

ప్రభావం గురించి అడిగితే రెండు చెప్పండి. 1966లో అమెరికాలో మొదలైన ‘ది మంకీస్’ టీవీ సీరియల్‌కి ప్రేరణ ఇదే. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ చేతిలోని పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్‌ను ఇందులో చూసే అమెరికన్ రాక్ బృందం ‘ది బర్డ్స్’ గిటారిస్టు రోజర్ మగ్విన్ అదే కొనుక్కున్నాడు.